పత్రసంక్షేప రచన – న్యాయమాలా పద్ధతి

ప్రాచ్య కళాశాలలలో పనిచేసే మనకు పూర్వపక్ష సిద్ధాంతాలతో వాదం నడపడం కొత్త గాదు. పంక్తి పంక్తికీ వ్యాఖ్య చెప్పగలవారు, శాస్త్రార్థ సభలలో గంటల తరబడి ప్రసంగింపగలవారు మన నడుమ ఎందరో ఉన్నారు. అట్టివారు పంపిన పత్రసంక్షేపాలు సదస్సు పరిశీలకుల ముందు నిలువలేక తిరిగి రావడం చూచినప్పుడు కలిగిన ఖేదమే ఈ వ్యాసానికి ప్రేరకం. పాండిత్యలోపం వల్ల తిరిగి వచ్చినవి వాటిలో తక్కువ. రెండు మూడు వందల మాటలలో తమ సిద్ధాంతాన్ని చెప్పవలసిన చోట అన్ని మాటలనూ మంగళాచరణకే వెచ్చించి ఊరకున్నవి ఎక్కువ.

ఈ పద్ధతి మన విద్యాలోకానికి ఆధునిక కాలంలో అలవడినది. 1917లో పూనాలో భండార్కరు ప్రాచ్య పరిశోధన సంస్థ ఏర్పడింది. దాని ఆధ్వర్యవంలో 1919లో అక్కడనే అఖిల భారత ప్రాచ్యవిద్యా సదస్సు తొలి సమావేశం రామకృష్ణ గోపాల భండార్కరు అధ్యక్షతన జరిగింది. వైదికం, ఇరానియం, సంస్కృత సాహిత్యం, పాళీ-బౌద్ధం, ప్రాకృత-జైనం, ద్రావిడ అధ్యయనం మొదలైన విభాగాలుగా విస్తరించిన ఆ సదస్సులో పత్రసంక్షేపాలను ఒక సంపుటంగా ముద్రించి ప్రతినిధులకు అందజేయడం ఆచారమైంది. 1972లో ఢిల్లీలో మొదలైన ప్రపంచ సంస్కృత సదస్సు 1997లో బెంగుళూరులోను, 2025లో ఖాట్మండులోను జరిగింది. అటువంటి అంతర్జాతీయ సదస్సులలో సంక్షేపం కేవలం ఆనవాయితీ కాదు. పత్రాన్ని స్వీకరించడమా, నిరాకరించడమా అన్నది దానిని చూచియే నిర్ణయిస్తారు. పూర్తి వ్యాసం అప్పటికి పరిశీలకుని చేతిలో ఉండదు.

సంక్షేపాన్ని చదివేవారు ఇద్దరని మరువరాదు. మొదటివాడు పరిశీలకుడు. అతడు ఒక్కరోజున పదుల కొలది సంక్షేపాలు చదువవలసినవాడు. రెండవవాడు పది, ఇరవై సంవత్సరాల తరువాత ఏదో గ్రంథాలయంలో ఆ సంపుటాన్ని తెరిచే పరిశోధకుడు. మన సదస్సులలో చదివిన పత్రాలలో అనేకం పూర్తిరూపంలో ఎక్కడా అచ్చు కావు. పత్రకర్త మరొక పనిలో పడతాడు, నిర్వాహకులకు నిధులు చాలవు, వ్రాతప్రతి ఎక్కడో బీరువాలో ఉండిపోతుంది. లోకానికి మిగిలేది సంక్షేపమే. రెండవ చదువరి తరపున ఆలోచింపని సంక్షేపం ఎంత హాని చేయగలదో నా అనుభవంలో తెలిసివచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సదస్సుకు సంక్షేపం పంపుతూ, ఒక లక్షణ గ్రంథానికి గల మూడు తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయం చేస్తున్నానని వ్రాశాను. వ్రాసేనాటికి నేను చూచినది ఒక్క ప్రతి. మిగిలిన రెండూ సదస్సులోగా చూడవచ్చునని భరోసా. సెలవు దొరకలేదు, ఒక ప్రతి ఉన్న భాండాగారంలో అనుమతి రాలేదు. సదస్సునాడు ఆ ఒక్క ప్రతితోనే పత్రం చదివాను. సభలో ఎవరూ అడుగలేదు కూడ. దాదాపు పన్నెండేళ్ల తరువాత ఒక పరిశోధక విద్యార్థి నుండి జాబు వచ్చింది. మూడు ప్రతులలోను ఫలానా పాఠమే ఉన్నదని నేను నిరూపించినట్లు తన సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయాన్ని దానిమీద నిలిపానని, ఆ ప్రతుల వివరాలు పంపవలసిందని ఆ జాబు సారాంశం. నేను ఆ పని చేయలేదని ప్రత్యుత్తరం వ్రాయడానికి నాకు మూడు దినాలు పట్టింది. అప్పటికే అతని గ్రంథం టైపు పూర్తి అయింది. అధ్యాయం మరల వ్రాయవలసి వచ్చింది, సమర్పణ ఆరు మాసాలు వెనుకబడింది. ఆ ఆరు మాసాలకు కారణం సంక్షేపంలోని నా ఒక్క వాక్యం. ఆ వాక్యంలోని క్రియాపదం వర్తమానంలో ఉండుట తప్ప దానిలో వేరు దోషం లేదు.

కనుక సంక్షేప రచనలో మొట్టమొదట పట్టించుకొనవలసినది శైలి గాదు, కాలబోధక క్రియ. చూచినదానికి భూతకాలం, చూడబోయేదానికి భవిష్యత్కాలం. ఒక ప్రతి చూచి ఉంటే ఒక ప్రతి చూచినట్లు వ్రాయాలి. పరిశీలకుడు దానిని తక్కువగా ఎంచుతాడన్న భయం నిరాధారం. ఒక్క ప్రతిని శ్రద్ధగా చదివి తేల్చిన ఒక్క విషయం, చూడని మూడు ప్రతుల వాగ్దానం కన్న అతనికి ఎక్కువ విశ్వాసం కలిగిస్తుంది.

ఇక సంక్షేపపు నిర్మాణం సంగతి. దీనికి పాశ్చాత్య పద్ధతి గ్రంథాలను ఆశ్రయించవలసిన పని లేదని నా అభిప్రాయం. మీమాంసకులు చెప్పిన అధికరణాంగాలు మనకు కంఠస్థమే. విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం అన్న నాలుగింటి తరువాత అయిదవ అంగం సంగతి అని కొందరు, నిర్ణయం అని కొందరు లెక్కిస్తారు. ఆ భేదం ప్రస్తుతానికి అప్రధానం. గమనింపవలసినది, ఈ అంగాలన్నిటినీ అతి కొద్ది మాటలలో ఇమిడ్చిన గ్రంథాలు మనకు ఉండడం. పదునాలుగవ శతాబ్దిలో మాధవాచార్యుడు జైమినీయ న్యాయమాలను, భారతీతీర్థుడు వైయాసిక న్యాయమాలను రచించారు. భారతీతీర్థుని గ్రంథంలో బ్రహ్మసూత్రాధికరణం ఒక్కొక్కదానికి సామాన్యంగా రెండు శ్లోకాలు. మొదటి శ్లోకంలో సంశయమూ పూర్వపక్షమూ, రెండవ శ్లోకంలో హేతుసహితంగా సిద్ధాంతం. భాష్యంలో పుటల కొలది సాగిన చర్చ అరువది నాలుగు అక్షరాలకు ఒదిగింది. ఒదిగినా అందులో వాదం నశించలేదు. ఎవరు ఏమన్నారో, ఎందుకన్నారో, గ్రంథకర్త ఎటు మొగ్గినాడో స్పష్టంగా తెలుస్తుంది. పత్రసంక్షేపానికి ఇంతకంటె మంచి ఒరవడి నాకు కనబడలేదు.

మన సంక్షేపాలలో సామాన్యంగా లోపించేది సంశయం. విషయం ఉంటుంది, అది కూడ విశాలంగా ఉంటుంది. సంశయం లేనిచోట అధికరణం ప్రవర్తింపదని విద్యార్థులకు పాఠం చెప్పే మనమే, సంశయం లేని పత్రాన్ని పంపుతున్నాము. దీనిని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాము. అందరెరిగిన వివాదాన్నే తీసుకొంటాను.

ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతంలో ఆర్యావృత్తాలలో వెలసిన తెలుగు వ్యాకరణం. సంజ్ఞా, సంధి, అజంత, హలంత, క్రియా పరిచ్ఛేదాలుగా అయిదు భాగాలు. నన్నయ కర్తృత్వం ప్రసిద్ధం, వివాదాస్పదం. దీనిమీద ఒక సదస్సుకు సామాన్యంగా వచ్చే సంక్షేపం ఈ తీరున ఉంటుంది:

‘ఆంధ్ర వాఙ్మయంలో ఆంధ్రశబ్దచింతామణికి విశిష్ట స్థానం కలదు. వాగనుశాసనుడైన నన్నయ భట్టారకుడు ఆదికవి. ఆయన రచించినట్లు చెప్పబడే ఈ గ్రంథం తరువాతి వ్యాకరణాలకు మూలమైనది. దీని కర్తృత్వం గూర్చి పండితులలో భిన్నాభిప్రాయాలు కలవు. ఆ అభిప్రాయాలను సమీక్షించి, గ్రంథ వైశిష్ట్యాన్ని సోదాహరణంగా వివరించడం ఈ పత్రం యొక్క ముఖ్యోద్దేశం.’

ఇందులో అసత్యం ఏదీ లేదు. అయితే ఈ సంక్షేపం చదివి పరిశీలకుడు పత్రకర్త నన్నయ కర్తృత్వాన్ని అంగీకరిస్తాడో, నిరాకరిస్తాడో కూడ చెప్పలేడు. భిన్నాభిప్రాయాలు కలవన్న మాట సంశయాన్ని పేర్కొన్నదే గాని చూపలేదు. సమీక్షిస్తాము, వివరిస్తాము అన్నవి పని పేర్లు, ఫలితాలు గావు. ఇదే సంక్షేపంలో గ్రంథం పేరు, కవి పేరు మార్చితే మరొక వంద పత్రాలకు సరిపోతుంది. ఆ పరీక్ష ఎవరికి వారు చేసుకొనవచ్చును. పేర్లు మార్చినా వాక్యాలు చెల్లితే, ఆ వాక్యాలు ఆ పత్రానికి సంబంధించినవి గావన్నమాట.

అదే విషయాన్ని న్యాయమాలా క్రమంలో ఇట్లు చెప్పవచ్చును:

‘ఆంధ్రశబ్దచింతామణి పదునొకండవ శతాబ్దికి చెందిన నన్నయ కృతి కాదనేవారు రెండు బాహ్య హేతువులు చూపుతారు. పదుమూడవ శతాబ్దివాడైన కేతన తన ఆంధ్రభాషాభూషణంలో తనకు ముందు తెలుగునకు లక్షణం చెప్పినవారు లేరనడం ఒకటి. చింతామణిని భీమకవి గోదావరిలో కలిపినాడని, కంఠస్థం చేసియున్న సారంగధరుడు దానిని తరువాతి కాలంలో బాలసరస్వతికి అందజేశాడని పదునేడవ శతాబ్దిలో అప్పకవి చెప్పిన కథ అవిశ్వసనీయమనడం మరొకటి. ఈ రెండింటినీ స్వతంత్ర హేతువులుగా లెక్కించడం సరి గాదని ఈ పత్రం ప్రతిపాదిస్తుంది. అప్పకవి కథను నమ్మేవానికి కేతన మాట బాధకం కాదు, గ్రంథం అప్పటికి లోకంలో లేదు గనుక. కావున మొదటి హేతువు రెండవదాని మీద ఆధారపడి ఉన్నది. రెండూ కలిసి ఒక్క హేతువే. కర్తృత్వ నిర్ణయానికి మిగిలిన మార్గం అంతస్సాక్ష్యం. అందుకు సంధి పరిచ్ఛేదంలోని నియమాలను భారతంలోని నన్నయ ప్రయోగాలతో సరిపోల్చే పద్ధతిని పత్రం చివరి భాగం సూచిస్తుంది.’

రెండవ సంక్షేపంలో నన్నయను కీర్తించిన వాక్యం ఒక్కటి లేదు. అయినా ఆ విషయం ఎరుగని సంస్కృత పండితునికి సైతం వివాదం ఏమిటో, పత్రకర్త ఎక్కడ నిలిచాడో తెలుస్తుంది. ప్రతిపాదన చిన్నది. కర్తృత్వాన్ని తేల్చలేదు, తేల్చానని చెప్పలేదు. రెండుగా లెక్కింపబడిన హేతువులు ఒకటేనని మాత్రమే చెప్పింది. పదిహేను నిమిషాలలో నిరూపించడానికి అంత చిన్న ప్రతిపాదనయే తగినది. దీనిని కాదనదలచినవాడు కూడ ఎక్కడ కాదనాలో ఎరుగును: కేతన మాటకు అప్పకవి కథతో నిమిత్తం లేని బలం మరొకటి ఉన్నదని అతడు చూపవలసి ఉంటుంది. కాదనడానికి చోటు చూపని ప్రతిపాదన మీద చర్చ సాగదు. చర్చ సాగని పత్రాన్ని సదస్సుకు మోసుకొనిపోవడం రైలు ఖర్చుకు చేటు.

చివరి వాక్యంలో ‘సూచిస్తుంది’ అన్న క్రియను గమనింపగోరుతాను. పోల్చి నిరూపిస్తుంది అని వ్రాయడం సులభం. భారతంలో నన్నయ వ్రాసినంత భాగాన్ని, అనగా ఆది సభాపర్వాలను, అరణ్యపర్వంలో కొంత భాగాన్ని ఆసాంతం శోధించిన తరువాత గాని ఆ మాట వ్రాయకూడదు.

పూర్వపక్షాన్ని ప్రస్తావించడంలో మనవారు రెండు విధాల పొరబడుతున్నారు. కొందరు పూర్వ పండితుల పేర్లను మాలగా గుచ్చి, వారి వాదాలను చెప్పరు. మరికొందరు ఇంతవరకు ఈ విషయం ఎవరూ పరిశీలింపలేదని ప్రతిజ్ఞ చేస్తారు. ఈ రెండవది ప్రమాదకరం. తాత్పర్య నిర్ణాయక లింగాలలో అపూర్వత ఒకటి గనుక పత్రానికీ అపూర్వత కావలసినదే. కాని అపూర్వతను చూపడం వేరు, ప్రకటించడం వేరు. పరిశీలకుని మేజా మీదనే ఆ విషయం మీది పాత వ్యాసం ఉండవచ్చును. ఫలానావారు ఇంతవరకు చెప్పారు, దాని తరువాత అడుగు ఇది అన్నప్పుడు అపూర్వత తనంతట తానే తెలుస్తుంది. కౌటిలీయం చివరి అధికరణంలో చెప్పిన ముప్పది రెండు తంత్రయుక్తులలో ‘అపదేశం’ అన్నది పరమతాన్ని పేర్కొనడమే. దానిని శాస్త్రరచనకు ఒక యుక్తిగా ఎంచారే గాని ఔచిత్యభంగంగా ఎంచలేదు.

శీర్షిక గురించి దీర్ఘంగా చెప్పవలసిన పని లేదు. ‘ఒక పరిశీలన’, ‘ఒక విహంగవీక్షణం’ అన్న తోకలు మాని, సంశయం శీర్షికలోనే కనబడేటట్లు చేస్తే చాలు. ‘ఆంధ్రశబ్దచింతామణి - ఒక పరిశీలన’ కంటె ‘చింతామణి కర్తృత్వ వివాదంలో కేతన సాక్ష్యం’ అన్నది మేలు. (ఈ వ్యాస శీర్షిక కూడ ఆ పరీక్షకు పూర్తిగా నిలువదని విజ్ఞులు గమనించే ఉంటారు.)

భాషను గూర్చి ఒక మాట. అఖిల భారత స్థాయి సదస్సుకు పంపే సంక్షేపాన్ని చదివేవాడు తెలుగు ఎరుగనివాడు కావచ్చును. కేతన అన్న పేరు మనకు వివరణ అక్కరలేనిది, కాశీలోని విద్వాంసునికి అక్కరకు వచ్చేది. పదుమూడవ శతాబ్దివాడు, తిక్కన సమకాలికుడు, తెలుగులో తొలి వ్యాకరణం తనదని చెప్పుకొన్నవాడు అన్న మూడు విశేషణాలతో ఆ వివరణ తీరిపోతుంది. అట్లే తెలుగు వ్యాకరణ పరిభాష. ద్రుతం, కళ, సరళాదేశం వంటి మాటలను సంస్కృత సంక్షేపంలో వాడినప్పుడు అవి తత్సమాలే గదా అని విడిచిపెట్టరాదు. పాణినీయులకు ద్రుతమనగా వృత్తిభేదం స్ఫురిస్తుంది, నకారం స్ఫురింపదు. సంస్కృతంలో వ్రాసే సంక్షేపాలలో దీర్ఘసమాసాల మోజును కూడ అణచుకొనవలసి ఉన్నది. సమాసంలో సంబంధ విభక్తులు లోపిస్తాయి, వాటితోపాటు వాదంలోని సంబంధాలూ లోపిస్తాయి. హేతువును పంచమీ విభక్తితో విడిగా చెప్పినప్పుడు దాచుకోవడానికి వీలుండదు.

నేటి కాలపు ఇబ్బంది మరొకటి ఉన్నది. సంక్షేపాలను ఇప్పుడు కంప్యూటరు ద్వారా పంపుతున్నాము. మన ముద్రణాలయాలలో చిరకాలంగా వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడు పద్ధతిలోనివి గావు. ఆ ఫాంటు లేని చోట తెరిచినప్పుడు అక్షరాలన్నీ అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. చక్కగా వ్రాసిన సంక్షేపాన్ని పరిశీలకుడు చదువనే లేకపోవడానికి ఇంతకంటె చిన్న కారణం ఉండబోదు. యూనికోడులో టైపు చేయించి, మరొక యంత్రం మీద ఒకసారి తెరిచి చూచి పంపడం విధిగా పెట్టుకొనాలి. సంస్కృత పదాలను రోమను లిపిలో వ్రాయవలసి వస్తే దీర్ఘ బిందు చిహ్నాలను ఒకే పద్ధతిలో పాటించాలి. కొన్ని సదస్సులలో పత్రకర్త పేరు తెలియకుండ పరిశీలన జరుగుతుంది. అక్కడ ‘నా పూర్వ వ్యాసంలో చూపినట్లు’ అని వ్రాస్తే నియమభంగం. మాటల సంఖ్యకు పరిమితి విధించినప్పుడు దానిని దాటకపోవడం, గడువుకు ముందే పంపడం చెప్పనక్కరలేని సంగతులు. అయినా చెప్పవలసి వస్తున్నది.

2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం నియమావళిలో అంకాల లెక్క ప్రవేశించిన నాటినుండి సదస్సు పత్రాలకు గిరాకీ పెరిగింది. ఒకే పత్రాన్ని పేరు మార్చి నాలుగు చోట్ల చదవడమూ పెరిగింది. దానిని ఇక్కడ విమర్శించబోను. పదోన్నతికై ఎదురుచూచే ఉపన్యాసకుని కష్టం నాకు తెలియనిది గాదు. అయితే అంకాల కోసం వ్రాసినా, విద్య కోసం వ్రాసినా, సంపుటంలో అచ్చయ్యే రెండు వందల మాటలు ఒక్కటే. వాటిని చదివేవానికి మన ప్రయోజనం తెలియదు.

సంక్షేపం స్వీకృతమైన తరువాత పత్రం వ్రాస్తూండగా ఫలితం మారవచ్చును. ప్రయోగాలు సేకరించిన కొలది మొదటి ఊహ తలక్రిందులు కావడం పరిశోధనలో సహజం. అప్పుడు పాత సంక్షేపానికి కట్టుబడి సాక్ష్యాన్ని వంచడమో, సంక్షేపాన్ని మరచి మరొక పత్రం చదవడమో జరుగుతున్నది. రెండింటికీ బదులు, సంపుటం అచ్చుకు పోకముందే విభాగ నిర్వాహకునికి సవరించిన ప్రతిని పంపవచ్చును. అచ్చయిపోతే, పత్రం చదివేనాడు మొదటి వాక్యంగా ఆ మార్పును సభకు చెప్పి, కార్యవివరణలో నమోదు చేయవలసిందిగా అధ్యక్షుని కోరవచ్చును. పైన చెప్పిన నా పత్రం నాడు ఆ పని చేయడానికి పట్టేది అర నిమిషం. సభ ముగిసిన తరువాత కూడ ఒక కార్డు ముక్క వ్రాయవచ్చును. ఆ పరిశోధక విద్యార్థి జాబు వచ్చిన సంవత్సరంలోనే నేను ఆ మిగిలిన రెండు ప్రతులలో ఒకదానిని చూడగలిగాను. అందులో ఆ పాఠం లేదు.